ఎనిమిది పెట్టెల చెక్క

ఫిబ్రవరి 2, సోమవారం

చెల్లి వచ్చింది. ఇంటికి కాదు, నేను పనిచేసే కలప డిపోకే వచ్చింది. రంపం మిషన్ పక్కన చెవులు మూసుకుని నిలబడి, "అన్నయ్యా, ఎనిమిది తేనె పెట్టెలకి చెక్క కావాలి" అని అరిచింది. మిషన్ ఆపించి మళ్ళీ చెప్పించుకున్నాను.

కుట్టుపని మానేస్తోందట. సూదిలో దారం ఎక్కించాలంటే పక్కింటావిడని పిలవాల్సి వస్తోంది. ఇక చాలమ్మా, ఉన్న చూపు దాచుకో అన్నాడట కళ్ళ డాక్టరు. ఉన్న రెండు కుట్టుమిషన్లూ అమ్మేసి, తేనెటీగలు పెంచి అమ్మే ఒకావిడకి ఎనిమిది గుంపులు కావాలని చెప్పి వచ్చింది. వచ్చే నెల మొదటి వారంలో ఈగలావిడ తెచ్చిస్తుంది. ఈలోపు పెట్టెలు తయారవ్వాలి. చేసేది మా ఇంటి తలుపులు చేసిన వడ్రంగి మేస్త్రీ. చెక్క ఎంచేది నేను.

"నువ్వొకసారి ముక్కు పెట్టి చూడు చాలు" అంది.

ఆ మాట అన్నప్పుడు మా ఓనరు కూడా అక్కడే ఉన్నాడు. నేనేం చేస్తాను? గొంతు సవరించుకుని ఉపన్యాసం మొదలుపెట్టాను. తేనెటీగకి ఇల్లు అందంగా ఉండక్కర్లేదమ్మా, వాసన లేకుండా ఉండాలి. చెక్క తేలిగ్గా ఉండాలి, కనీసం ఏడాది ఆరి ఉండాలి, జిగురు కారకూడదు. అన్నిటికంటే ముఖ్యం, చెద మందు పట్టించిన చెక్క అయి ఉండకూడదు. రంగులేని మందులు కొన్నున్నాయి, అవి పట్టిన చెక్క మామూలు చెక్కలాగే కనిపిస్తుంది. కంటికి దొరకదు. ముక్కుకే దొరుకుతుంది.

"అందుకేగా నీ దగ్గరికొచ్చింది" అంది చెల్లి.

ఆదివారానికల్లా చూసిపెడతానన్నాను. ఈ జలుబు కాస్త తగ్గాక.

ఫిబ్రవరి 4

జలుబు తగ్గలేదు. "మీకు జలుబెక్కడుందండీ" అంది మా ఆవిడ. ఈవిడకి ప్రతిదానికీ సాక్ష్యం కావాలి.

ఫిబ్రవరి 6, శుక్రవారం

నాకు జలుబు లేదు.

ఈ పుస్తకం నేను తప్ప ఎవరూ చదవరు. ఇందులో కూడా అబద్ధాలు రాసుకునే ఘనుణ్ణి నేనొక్కణ్ణే అయి ఉంటాను. అందుకని రాసేస్తున్నాను. నాకు వాసన తెలియడం లేదు. డిసెంబరులో జ్వరం వచ్చి తగ్గిన దగ్గర్నుంచీ ఇంతే. యాభై రోజులు దాటింది.

ఇవాళ పొద్దున స్నానాలగదిలో గడియ పెట్టుకుని నాకు నేనే పరీక్ష పెట్టుకున్నాను. సబ్బు, కిరసనాయిలు, కోసిన ఉల్లిపాయ, చివరికి నా చెప్పు కూడా. అన్నీ ఒకటే, మంచినీళ్ళు వాసన చూసినట్టుంది. ఇంతలో మా ఆవిడ తలుపు కొట్టి, "లోపల ఉల్లిపాయతో ఏం పనండీ" అని అడిగింది. ఆ వాసన తలుపు దాటి, వసారా దాటి, వంటింట్లో ఉన్న మనిషిని చేరింది. అంగుళం దూరంలో ఉన్న నా ముక్కుని మాత్రం చేరలేదు.

పోయిన నెల డాక్టరు దగ్గరికి ఒక్కణ్ణే వెళ్ళాను. "రావచ్చు, రాకపోవచ్చు" అన్నాడు. ఈ మాట చెప్పడానికి అన్నేళ్ళ చదువెందుకో.

డిపోలో నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. ముక్కుగారు అంటారు. లారీ దిగిన దుంగ కొత్తదా పాతదా, తడి ఎంత, మందు పట్టిందా లేదా, అన్నీ ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఈ ముక్కుతోనే చెబుతున్నాను. రిటైరవ్వాల్సిన వయసు దాటినా నన్ను ఉంచుకున్నది దీని కోసమే. ముక్కు పోయిందంటే ఇక మిగిలేది గారు ఒక్కటే.

ఫిబ్రవరి 7

ఒక వింత రాయాలి. ముక్కు పోయాక నా పేరు పెరిగింది.

ఇదివరకు ఇలా వాసన చూసి అలా చెప్పేసేవాణ్ణి. ఇప్పుడు దగ్గరికి వంగి, కళ్ళు మూసుకుని, మనసులో ఏడు దాకా లెక్కపెడతాను. ఆ ఏడులోపల చెక్క బరువు, వేలితో కొడితే వచ్చే చప్పుడు, అమ్మేవాడి మొహం, అన్నీ కలిపి ఒక అంచనాకి వస్తాను. కొనేవాళ్ళు ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. నిన్న ఒకాయన ఇది చూపించడానికి తన అల్లుణ్ణి వెంటబెట్టుకొచ్చాడు. మందు సంగతి తప్ప మిగతావన్నీ దాదాపు సరిగ్గానే చెబుతున్నాను కూడా.

మందు సంగతి తప్ప.

ఫిబ్రవరి 8, ఆదివారం

చెల్లి కోసం డిపో వెనక షెడ్డంతా తిరిగాను.

టేకు బరువు, పైగా నూనె కారుతుంది. మామిడి చవకే గానీ పురుగు పడుతుంది, వానకి వంగుతుంది. గోడవారన దేవదారు పలకలు కనిపించాయి. ఎవరిదో గోడౌన్ పడగొడితే వచ్చినవి. తేలిగ్గా ఉన్నాయి, ముడులు లేవు, గీత గీసినట్టు తిన్నగా ఉన్నాయి, ఎన్నో ఏళ్ళు ఆరినవి, దేవదారు సొంత వాసన ఎప్పుడో పోయి ఉంటుంది. చూడగానే నా మనసు వాటి మీదికి పోయింది. తేనె పెట్టెకి ఇంతకంటే మంచి చెక్క దొరకదు.

కాకపోతే గోడౌన్ చెక్క. గోడౌన్లకి చెద మందు కొడతారు. కొట్టనివాళ్ళూ ఉంటారు. ఏడు లెక్కపెట్టాను. పధ్నాలుగు కూడా లెక్కపెట్టాను. అవతల కాపలా మనిషి కుర్చీలో కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు. "ఒకసారి ఇటొచ్చి వాసన చూడవయ్యా" అంటే అయిపోయేది. అనలేదు. ముక్కుగారు ఇంకొకడి ముక్కు అప్పడిగితే ఇంకేమన్నా ఉందా?

నాకు నేనే ఒక పరీక్ష కనిపెట్టాను. పలక మీద చిటికెడు పంచదార చల్లాను. మందు ఉంటే చీమలు రావు కదా. పావుగంటలో బారులు తీరి వచ్చాయి. పొంగిపోయి ఇంటికి నడుస్తుంటే సగం దారిలో వెలిగింది. అవి వచ్చింది పంచదార కోసం, చెక్క కోసం కాదు. పంచదార కోసం చీమలు ఎక్కడికైనా వస్తాయి.

ఫిబ్రవరి 9

ఇవాళ పలకని నాకాను. మందు చేదుగా ఉంటుందని ఎప్పుడో విన్నాను. నాలుక కూడా ముక్కు వెనకాలే పోయినట్టుంది, ఏమీ తెలియలేదు. తల ఎత్తితే రంపం మిషన్ నడిపే మనిషి చూస్తున్నాడు.

"ఏంటి సార్, రుచి చూస్తున్నారా?"

"పాత పద్ధతి" అన్నాను. అబద్ధం చెప్పడానికి నాకు ఏడు లెక్కపెట్టాల్సిన పని లేదు.

ఫిబ్రవరి 11

మధ్యాహ్నం షెడ్డులోకి వెళితే మిషన్ అతను, లారీ డ్రైవరు చెరో చెక్క పట్టుకుని నాకుతున్నారు. ఇది టేకేనా సార్ అని అడిగాడు డ్రైవరు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. టేకే అన్నాను. దాని మీద టేకు అని సుద్దతో రాసి ఉంది.

ఫిబ్రవరి 12, గురువారం

గోడౌన్ దేవదారే ఖాయం చేశాను. చెల్లి మేస్త్రీని తీసుకుని ఆటోలో వచ్చింది. ఆ ఇద్దరి ముందూ వంగాను, కళ్ళు మూసుకున్నాను, లేచి "శుభ్రంగా ఉంది" అన్నాను. చెల్లి నా చెయ్యి పట్టుకుని నొక్కింది.

బాగానే ఉంటుంది. గోడౌన్లన్నిటికీ మందు కొట్టరు.

ఫిబ్రవరి 17, మంగళవారం

మేస్త్రీ షెడ్డుకి వెళ్ళాను. చిత్రిక పట్టిన పలకలు గోడకి వరసగా ఆనించి ఉన్నాయి, చూడముచ్చటగా ఉన్నాయి. మేస్త్రీ మొహానికి తువ్వాలు కట్టుకుని పనిచేస్తున్నాడు. కళ్ళు ఎర్రబడ్డాయి.

"పొట్టు రేగితే కళ్ళు మండుతున్నాయి సార్. గొంతులో కూడా గరగరగా ఉంది" అన్నాడు. నేనేమన్నా అనేలోపే మళ్ళీ తనే, "మీరు చూసిందే కదా. నాకే ఏదో పడట్లేదు" అన్నాడు.

నేను అతనికి దగ్గుమందు పేరు చెప్పి వచ్చాను. అంతటి దయామయుణ్ణి.

ఫిబ్రవరి 18

మేస్త్రీ కళ్ళు ఎప్పుడూ ఎర్రగానే ఉంటాయి.

ఫిబ్రవరి 19

ఎప్పుడూ ఏం కాదు. కొంచెం ఎర్రగా.

ఫిబ్రవరి 20

బాగానే ఉంటాయి.

ఫిబ్రవరి 24, మంగళవారం

చెల్లి మొదటి పెట్టె చూపించడానికి తెచ్చింది. ఒళ్ళో పెట్టుకుని బస్సులో వచ్చిందట, పసిపిల్లని తెచ్చినట్టు. బల్ల మీద పెట్టి, మూత తీసి, తేనె పట్టే చట్రాలు ఎక్కడ వేలాడతాయో, ఈగలు ఎటు నుంచి వస్తాయో వేలితో తడిమి చూపించింది. చూడకుండానే చూపించింది. వేళ్ళకి అంతా కంఠతా వచ్చేసింది.

మా ఆవిడ వంగి లోపలికి చూసి, చప్పున తల వెనక్కి తీసుకుంది.

"ఏదో మందు వాసన వస్తోంది" అంది.

"అన్నయ్య చూశాడుగా వదినా."

మా ఆవిడ నా వైపు చూసింది. నేను కిటికీ వైపు చూశాను. "అవున్లే, మీ అన్నయ్య చూశాక ఇంకేముంది. పొద్దున్నుంచీ గిన్నెల పొడితో తోముతున్నాను, నా ముక్కే పాడైనట్టుంది" అంది.

ముప్ఫై రెండేళ్ళ కాపురంలో మా ఆవిడ నా మాట మీద తన మాట వెనక్కి తీసుకోవడం ఇదే మొదటిసారి. మామూలుగా అయితే పండగ చేసుకోవాల్సిన రోజు. నాకు తిండి సయించలేదు.

మేస్త్రీ తన కళ్ళని నమ్మడం లేదు. ఈవిడ తన ముక్కుని నమ్మడం లేదు. నేను పోగొట్టుకున్నది నా ఒక్కడి ముక్కు. అక్కడితో ఆగకుండా నా చుట్టూ ఉన్నవాళ్ళ ముక్కులు కూడా ఊడబెరుకుతున్నాను.

ఫిబ్రవరి 25

చెల్లికి ఫోన్ చేశాను, చెప్పేద్దామని. పెట్టెల బయటకి ఏ రంగు వేయాలి అన్నయ్యా అని అడిగింది. అరగంట రంగుల గురించి మాట్లాడాను. లేత పసుపు మంచిదన్నాను.

ఫిబ్రవరి 28

రేపు చెబుతాను.

మార్చి 1

ఇవాళ ఆదివారం. ఆదివారం ఎవరి మనసైనా ఎందుకు పాడుచేయాలి.

మార్చి 3

గురువారం ఈగలు వస్తాయి. గురువారం పొద్దున్నే వెళ్ళి చెప్పేస్తాను. ఈగలు రాకముందే చెబితే చాలు కదా. చాలా టైముంది. ఎలా చెప్పాలో కాగితం మీద రాసుకున్నాను. మొదటి వాక్యం "నీకో చిన్న విషయం చెప్పాలి." చిన్న అన్న మాట కొట్టేశాను. మళ్ళీ రాశాను.

మార్చి 5, గురువారం

ఈగలు నిన్ననే వచ్చేశాయి.

నేను మా ఆవిడని తీసుకుని ఎనిమిదింటికి చెల్లి ఇంటికి వెళ్ళాను. పెరట్లో లేత పసుపు పెట్టెలు ఎనిమిది, ఇటుకల మీద వరసగా ఉన్నాయి. ఈగలావిడ ఏడు గుంపుల్ని ఇంకా తను మోసుకొచ్చిన మోత పెట్టెల్లోనే ఉంచింది. ఒక్కటి మాత్రం చెల్లి ఆగలేక నిన్న సాయంత్రమే కొత్త పెట్టెలోకి మార్పించుకుంది. మేస్త్రీ కూడా ఉన్నాడు, తను చేసిన పెట్టెల్లో ఈగలు చేరడం చూడాలని వచ్చాడట.

చెల్లి ఆ పెట్టె ముందు నేల మీద మోకాళ్ళూనుకుని కూర్చుని ఉంది. మొహం మట్టికి జానెడు దూరంలో పెట్టి చూస్తోంది. నా అడుగుల చప్పుడు విని తల ఎత్తకుండానే అడిగింది.

"అన్నయ్యా, ఇవి పడుకున్నాయా, చచ్చిపోయాయా? నాకు సరిగ్గా కనిపించట్లేదు."

చచ్చిపోయాయి. గుమ్మం ముందు అరచెయ్యంత మేర పరుచుకుని ఉన్నాయి. కొన్ని ఇంకా వెల్లకిలా పడి కాళ్ళాడిస్తున్నాయి. మిగిలినవి ఎటో ఎగిరిపోయాయి, పెట్టె ఖాళీ.

ఈగలావిడ మంచి మనిషి. "దారి బడలిక అయ్యుంటుందమ్మా. ఒక్కోసారి ఒక గుంపు తట్టుకోదు. మిగతావి మార్చేద్దాం" అంది. ఇక్కడ నిజం రాయాలి. ఒక్క క్షణం ఆ మాట పట్టుకుని గట్టెక్కేద్దామనుకున్నాను. బడలికే, బడలికే అనడానికి నోరు తెరిచాను కూడా. అంతలో ఆవిడ రెండో మోత పెట్టె మూత మీద చెయ్యి వేసింది.

"ఆగండి. నాకు వాసన రాదు" అన్నాను.

ఎవరికీ అర్థం కాలేదు. మళ్ళీ చెప్పాను. డిసెంబరు నుంచి వాసన రావడం లేదు, ఈ చెక్క నేను చూడలేదు, చూసినట్టు నటించాను. మేస్త్రీ నవ్వాడు. "సార్ బాధలో ఏదో అంటున్నారు" అన్నాడు. ఇంతకాలం అబద్ధం చెబితే కళ్ళకద్దుకున్నవాళ్ళు నిజం చెబితే ఓదారుస్తున్నారు. నేను ఖాళీ పెట్టె ఎత్తి మేస్త్రీ మొహం ముందు పట్టుకున్నాను.

"నేనెవరో మర్చిపో. ఇందులో ఏం వాసన వస్తోందో చెప్పు."

అతను ఈగలావిడ వైపు, మా ఆవిడ వైపు చూశాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు.

"మందు సార్. మొదటి పలక కోసిన రోజు నుంచీ వస్తూనే ఉంది."

మా ఆవిడ నా చేతిలోంచి పెట్టె తీసుకుని కింద పెట్టింది. డిసెంబరు నుంచి ఎన్నిసార్లు పాలు పొయ్యి మీద మాడాయో, పక్కనే కుర్చీలో కూర్చుని ఉన్న నన్ను ఎన్నిసార్లు పరధ్యానం మనిషని తిట్టిందో అన్నీ ఆవిడ మొహంలో ఒకదాని తర్వాత ఒకటి కనిపించాయి.

చెల్లి ఇంకా నేల మీదే ఉంది.

"నాకూ వచ్చింది అన్నయ్యా. పెట్టెలు ఇంట్లో పెట్టుకున్న రాత్రి నుంచీ తలనొప్పే. నువ్వు శుభ్రంగా ఉందన్నావు కదా, మరి నాకెందుకిలా వస్తోంది అనుకున్నాను. కళ్ళు పోతున్నాయి, ఇప్పుడు ముక్కు కూడా తేడా చేస్తోందేమోనని భయపడి చచ్చాను. సోమవారం డాక్టరుకి చూపించుకోవడానికి చీటీ కూడా రాయించుకున్నాను."

నేను ఆమె పక్కన కూర్చున్నాను. కాగితం మీద రాసుకున్న వాక్యం జేబులోనే ఉంది.

"నా కళ్ళు పోతున్నాయని వీధి వీధంతా చెప్పుకున్నాను. కూరలమ్మేవాడికి కూడా చెప్పాను, కుళ్ళినవి వేయకు నాయనా నాకు కనపడదు అని. నువ్వు నా ఒక్కదానికి చెప్పలేకపోయావా?"

కేకలేసి ఉంటే బాగుండేది. మామూలుగా అడిగింది, సమాధానం ఉంటుందన్నట్టు. సిగ్గేసింది, ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా. ఈగలావిడ మొహం తిప్పుకుని ఏడు మోత పెట్టెలకీ తడిగుడ్డలు కప్పింది. పదిహేను రోజులు తన దగ్గరే ఉంచుకుంటానంది, ఈలోపు వేరే పెట్టెలు చేయించుకోమంది.

పోయిన గుంపు పోయినట్టే. అందులో ఎన్ని వేల ఈగలుంటాయో ఆవిడ చెప్పబోతే వద్దన్నాను.

మార్చి 6

ఓనరుకి చెప్పాను. "పోనీలెండి, కొనేవాళ్ళకి ఏం తెలుస్తుంది? మీరు వంగి చూడండి చాలు" అన్నాడు. ఈ ముప్ఫై ఒక్క ఏళ్ళలో నాకు దొరికిన అతి పెద్ద మెచ్చుకోలు ఇదే అనుకుంటాను. ఇక వంగనన్నాను. అయితే వచ్చిన లారీలు రిజిస్టర్‌లో రాసుకోండి అని గేటు దగ్గర కుర్చీ వేయించాడు. మిషన్ అతను వచ్చి, నాకడం కూడా ఉత్తదేనా సార్ అని అడిగాడు. ఉత్తదే అన్నాను. పాపం చాలా నొచ్చుకున్నాడు. మూడు వారాలుగా రోజూ నాకుతున్నాడట.

మార్చి 8

చెల్లి ఫోన్ ఎత్తలేదు.

మా ఆవిడ ఇవాళ నుంచి అన్నిటి వాసనా నాకు చెబుతోంది. అడక్కుండానే. "కాఫీ వాసన వస్తోంది. ఇప్పుడు పక్కింటివాళ్ళు ఏదో వేయిస్తున్నారు. మీ చొక్కా మార్చుకోండి." మూడోదానికి వేరే కారణం ఉందేమో.

మార్చి 9

ఎత్తలేదు.

మార్చి 10, మంగళవారం

పదకొండింటికి గేటు దగ్గర ఆటో ఆగింది. చెల్లి, మేస్త్రీ దిగారు. చెల్లి నా కుర్చీ దగ్గరికి వచ్చి, "ఎనిమిది కాదు, ఏడు పెట్టెలకి చెక్క కావాలి" అంది. అంతకుమించి పలకరింపు లేదు. నేను రిజిస్టర్ మూసి వెనకాల నడిచాను.

షెడ్డులో నేను పలకలు దించి పట్టుకున్నాను, తను వాసన చూసింది. మేస్త్రీ కూడా చూశాడు, ఈసారి తువ్వాలు కట్టుకోకుండా. ఇద్దరూ ఒక పలక దగ్గర వాదించుకున్నారు. జిగురంటాడు అతను, కాదు తడి అంటుంది తను. నన్నెవరూ అడగలేదు. జిగురే అయ్యుంటుందన్నాను. ఇద్దరూ విననట్టే ఊరుకున్నారు.

తర్వాత ఒక దేవదారు పలక దొరికింది. ఈసారి గోడౌన్‌ది కాదు. ఎక్కడి నుంచి వచ్చిందో మొన్న లారీ దిగినప్పుడు రిజిస్టర్‌లో నేనే రాశాను. తేలిక, ఒక్క ముడి లేదు, రెండేళ్ళు ఆరింది. చేత్తో నిమిరితే ప్రాణం లేచొచ్చింది. "ఇది తీసుకో, కళ్ళు మూసుకుని తీసుకో" అన్నాను.

చెల్లి వంగింది. ఒకసారి వాసన చూసింది, పలక తిప్పించి ఇంకోసారి చూసింది.

"వద్దన్నయ్యా."

"ఎందుకు? దీనికి మందు పట్టలేదు, నాకు తెలుసు. ఎక్కడ కోశారో, ఎప్పుడు కోశారో కూడా తెలుసు. ఇంత మంచి చెక్క ఈ షెడ్డులోనే లేదు."

"అన్నీ నిజమే అయ్యుంటాయి. నాకు వాసన వస్తోంది."

ముప్ఫై ఒక్క ఏళ్ళ అనుభవం గొంతు దాకా వచ్చింది. ఇంకా పది కారణాలు చెప్పగలను, అన్నీ సరైనవే. మేస్త్రీ నా వైపు చూడలేదు, చెల్లి వైపే చూస్తున్నాడు. నాకెందుకో ప్రాణం కుదుటపడింది.

పలక తీసుకెళ్ళి ఉన్నచోటే పెట్టేశాను.

"తర్వాతిది చూపించు" అంది చెల్లి.

దించి పట్టుకున్నాను.